ఎడమ చెయ్యి జానెడు కిందికి

ఒక్కడివల్ల కాని పనులు లోకంలో కొన్ని ఉన్నాయి. పోట్లాట ఒకటి, ఆసుపత్రి దుప్పటి మడతపెట్టడం ఇంకొకటి. మొదటిదాన్ని అద్దం ముందు నిలబడి ఒంటరిగా కానిచ్చే మహానుభావులు అక్కడక్కడా ఉంటారు గానీ, రెండోదానికి మాత్రం ఎదురుగా ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆ కొసన రెండు చేతులు, ఈ కొసన రెండు చేతులు. ఇద్దరూ ఒకేసారి దులిపితే దుప్పటి ఫట్టున మోగుతుంది, ముడతలు పోతాయి. నిలువునా ఒక మడత, మళ్లీ నిలువునా ఇంకో మడత. ఆపైన ఒకరికొకరు ఎదురు నడవాలి. ఒకరు తన మూలలు ఎదుటివాళ్ల వేళ్లలో పెట్టి, వంగి, కింద వేలాడే మడతను అందుకుని లేవాలి. మళ్లీ ఎదురు నడవాలి. అలా దుప్పటికి మూడుసార్లు ముఖాముఖి, చేతిలో చెయ్యి. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలు కూడా అన్నిసార్లు ఎదురుపడరు.

పెద్దాసుపత్రి వెనకాల ఆవిరి గొట్టాల కింద ఉన్న లాండ్రీలో అలాంటి జతలకు ఐదు టేబుళ్లు ఉండేవి. జతకి రోజుకి రెండొందల దుప్పట్లు. రెండో టేబులు దగ్గర గోడ, బావ.

గోడ అంటే ఇటుకల గోడ కాదు, నలభై ఆరేళ్ల మనిషి. పదకొండేళ్ల కింద పనిలో చేరిన కొత్తలో ఎవరేమడిగినా తలాడించి ఊరుకునేవాడు. "గోడకి చెవులుంటాయని విన్నాం, నోరుండదనీ ఇప్పుడే చూశాం" అన్నాడు బావ. అంతే, తడి సున్నంలో పడ్డ వేలిముద్రలా ఆ పేరు ఉండిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేదు.

ఇక బావ. ఆయన మేస్త్రికీ బావే, బండ్లు తోసేవాళ్లకీ బావే, చివరికి ఆయన సొంత బావమరిది కూతురు కూడా నోరు జారి బావా అనేసిందంటారు. దుప్పటి చేతిలో పడితే చాలు, నోరు దానంతట అదే తెరుచుకునేది.

"మా తాత చేతి మడతంటే ఏమనుకున్నారు! ఒకసారి డబుల్ దుప్పటిని మడతపెట్టి మడతపెట్టి అగ్గిపెట్టెలో దూర్చాడు. దాన్ని విప్పడానికి నలుగురు కూలీలు, ఒక ప్లీడరు కావలసొచ్చారు."

"ప్లీడరెందుకు బావా?"

"ఏ మూల ఎవరిదో తేలక!"

ఆవిరి మోతను మించి నవ్వేవాళ్లు. గోడ నవ్వేవాడు కాదు. ఆ అగ్గిపెట్టె కథ అతను వినడం నూటనలభయ్యోసారి. మొదట్లో అందులో ప్లీడరు లేడని కూడా అతనికి గుర్తే.

బుధవారం మధ్యాహ్నం మేస్త్రి తన అద్దాల గదిలోంచి కిందికి దిగి వచ్చాడు. మేస్త్రి చెడ్డవాడేం కాదు. కాకపోతే నిర్ణయం అనే వేడి గిన్నె ఎప్పుడు చేతికొచ్చినా పక్కవాడి చేతిలో పెట్టేసేవాడు.

"పైనుంచి కాగితం వచ్చింది. ఐదో టేబులు తీసేసి అక్కడ తువ్వాళ్లు మడతపెట్టే యంత్రం పెడతారట. పెద్దాయన దిగిపోయాక మీరు మిగిలింది తొమ్మిది మంది. నాలుగు టేబుళ్లకి ఎనిమిది మంది సరిపోతారు. తొమ్మిదో మనిషి..." అని చెయ్యి గాలిలో తిప్పాడు. చెయ్యి తిప్పితే మనిషి ఆవిరైపోయేలా.

"ఎవరో ఆ పేరేదో నువ్వే చెప్పు మేస్త్రీ" అంది పిన్ని. వయసైపోయి పని మానేసిన పెద్దాయనకి జత ఆవిడే. యాభై దాటిన మనిషి. పదిహేను రోజులుగా జత లేక ఎవరు సెలవు పెడితే వాళ్ల చోట నిలబడుతోంది.

"నేనెందుకు చెప్తానమ్మా, ఆ పాపం నాకెందుకు? ఎవరికి ఎవరితో పడుతుందో మీకు తెలిసినట్టు నాకు తెలుస్తుందా? మీ జతలు మీరే కట్టుకోండి. శనివారం గంట కొట్టేలోపు పలక మీద పేర్లు రాయండి. ఎవరి పేరు పక్కన ఇంకో పేరు లేదో వాళ్లు సోమవారం రానక్కర్లేదు."

అందరి కళ్లూ పిన్ని మీదికి వెళ్లి, అంతే గబుక్కున కిందికి దిగాయి. గోడ కూడా చూశాడు. పాపం పిన్ని అనుకున్నాడు. ఆ 'పాపం' కింద 'హమ్మయ్య' ఒకటి దాగి ఉంది. దాన్ని అతను చూడనట్టే ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం దాకా బావ ఒక్క కథా చెప్పలేదు.

*

గురువారం పొద్దున గోడ వచ్చేసరికి తలుపు పక్కన పలక మీద నాలుగు వరసలూ నిండి ఉన్నాయి. మూడు పాత జతలు. నాలుగో వరసలో బావ పక్కన, బావ చేతిరాతతోనే, పిన్ని పేరు.

అతను పలకను మూడుసార్లు చదివాడు. చదువురానివాడు కాగితం చూసినట్టు కింద నుంచి పైకి కూడా చూశాడు. రెండో టేబులు దగ్గర బావ అప్పటికే నిలబడి ఉన్నాడు. ఎదురుగా పిన్ని. బావ ఇటు చూడలేదు.

"తువ్వాళ్లు మడతపెట్టు గోడా, ఈ మూడు రోజులూ" అన్నాడు మేస్త్రి పక్కకు చూస్తూ. తువ్వాలు ఒక్కడే మడతపెట్టుకోవచ్చు. యంత్రం వచ్చేదాకా యంత్రం పని.

మూలన బుట్ట ముందు నిలబడి తువ్వాళ్లు మడతపెడుతూ గోడ రెండో టేబులు వైపు చూశాడు. ఏం జరగబోతోందో ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు. బావ కుడి భుజం రెండేళ్లుగా పనిచెయ్యడం లేదు. చెయ్యి రొమ్ము దాటి లేవదు. అది ఎవరికీ తెలియకపోవడానికి కారణం చిన్నది. బావ పనిచేస్తుంటే అందరూ ఆయన నోటికేసి చూసేవాళ్లు, చేతులకేసి చూసేవాళ్లు కాదు.

చేతులు చూసింది గోడ ఒక్కడే. రెండేళ్ల కింద ఒకరోజు దుప్పటి దులపగానే ఒక మూల వాలింది. బావ మొహం తెల్లబోయింది, కథ మాత్రం ఆగలేదు. మరుసటి దుప్పటికి గోడ తన ఎడమ చెయ్యి జానెడు కిందికి దించాడు. అతని ఎడమకి ఎదురుగా ఉండేది బావ కుడే కదా. మోకాళ్లు కొంచెం వంచాడు. దుప్పటి సమానంగా నిలబడింది. తర్వాత దులిపే బలమంతా తన వైపు నుంచే ఇవ్వడం నేర్చుకున్నాడు. ఎదురు నడకలో బావ ఒక్క అడుగు వేస్తే తను మూడు వేసేవాడు. కింది మడతకి వంగేదీ, దాన్ని ఎత్తేదీ తనే. రోజుకి రెండొందలు. సాయంత్రానికి నడుము కొయ్యబారేది. ఇంట్లో నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూసేవాడు. "గచ్చు మీద గోడ పడింది, ఇక లేవదు" అనేది భార్య.

ఇప్పుడు పిన్ని తిన్నగా నిలబడి, చేతులు సమంగా పెట్టి, నిజాయితీగా మడతపెడుతోంది. నిజాయితీగా పెట్టినందుకే మడత వంకరపోతోంది. మేస్త్రి బండిలోంచి ఆరు దుప్పట్లు తీసి టేబులు మీద పడేశాడు.

"ఏంటిది పిన్నీ? మూలకి మూల కలవట్లేదు. బావతో నిలబెట్టినా ఇంతేనా?"

పిన్ని తన చేతులు తిప్పి చూసుకుంది. "నాకేదో అయింది నాయనా. కళ్లేమో" అంది.

బావ నోరు తెరిచాడు. ఏదో ఒక కథ రాబోయింది. రాలేదు.

*

"అడగందే అమ్మయినా పెట్టదు" అంది భార్య ఆ సాయంత్రం. ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడ వాటాకే వచ్చాయి. "పదకొండేళ్లు! ఒక్కడి ఇంటికి వెళ్లావా? ఒక్కణ్ని ఇంటికి పిలిచావా? పనిచేసే చోట నలుగురితో నవ్వుతూ ఉండాలయ్యా అంటే 'పనికి వెళ్తున్నానా, పేరంటానికా' అన్నావు. ఇప్పుడు చూడు, అందరూ జతలు జతలుగా పడవెక్కితే నువ్వు గట్టు మీద మిగిలావు. రేపు పొద్దున వెళ్లి ఎవరో ఒకరిని పలకరించు. వాళ్ల జతని వదిలి నీతో వస్తారేమో అడుగు."

"ఏమని పలకరించను?"

"మీ ఇంట్లో అందరూ బాగున్నారా అను! అది కూడా నేనే వచ్చి అనాలా?"

బడి పుస్తకం ముందేసుకుని కూర్చున్న కూతురు తలెత్తింది. "నాన్నా, నాతో ఒకసారి అని చూడు" అంది. అతను అన్నాడు. "అలా కాదు నాన్నా. పోలీసు అడిగినట్టుంది."

మళ్లీ అన్నాడు. మూడోసారికి కూతురు నవ్వలేదు. పుస్తకంలోకి తల దించుకుంది. దుప్పటి మడత తప్ప ఇంకో పని రాని మనిషిని నలభై ఆరేళ్ల వయసులో ఎవరు తీసుకుంటారన్నది ఆ పిల్లకి కూడా అర్థమైందని అప్పుడు అతనికి తెలిసింది. అతనికి ఆ రాత్రి నడుము నొప్పి లేదు. రోజంతా వంగలేదు కదా. నొప్పి లేకపోవడం వల్లే నిద్ర పట్టలేదు.

*

శుక్రవారం టీ గంటకి గోడ ఒకటో టేబులు బట్టతల అన్న దగ్గరికి నడిచాడు. గోడ నడిచి వస్తుంటే అన్న రెండడుగులు వెనక్కి వేశాడు. నిజం గోడైనా అలాగే వేస్తాం.

"అన్నా, మీ అమ్మగారు బాగున్నారా?"

బట్టతల అన్న టీ గ్లాసు దించాడు. "అమ్మ పోయి నాలుగు నెలలైంది."

గోడ వెనక్కి తిరగబోయాడు.

"ఆ రోజు నా వాటా దుప్పట్లు కూడా నువ్వే మడతపెట్టావటగా?" అన్నాడు అన్న. "బావతో కలిసి మీ రెండొందలు చేసి, చీకటిపడేదాకా ఉండి నా జతతో నావీ చేశావని చెప్పారు. నీకు దండం పెడదామనుకున్నాను. నేను ఎందుకు రాలేదో నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను. మర్నాడు అడుగుతావనుకున్నాను. ఆ మర్నాడూ అడుగుతావనుకున్నాను."

అతను గ్లాసు కడగడానికి వెళ్లిపోయాడు.

గోడ అక్కడితో ఆగితే బాగుండేది. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు, దురదృష్టం ఏమిటంటే పక్కనే మూడో టేబులు వదిన ఉంది. తనకి బాగా తెలిసిన సంగతితో మొదలుపెడదామనుకున్నాడు.

"వదినా, నీ ఎడమ చూపుడు వేలు మంగళవారం నుంచి నొప్పిగా ఉంది కదూ?"

వదిన చెయ్యి కొంగు కింద దాచుకుంది. "నీకెలా తెలుసు?"

"మడతలు చూస్తే తెలుస్తుంది. ఆ మూల వదులుగా ఉంటోంది. మీ అమ్మాయికి జ్వరమొచ్చిన వారం కూడా నీ మడతలు..."

"నా వేళ్లు లెక్కపెడుతున్నావా నువ్వు? పదేళ్ల నుంచీ?" వదిన గొంతు లేచింది. "నోరు లేదనుకున్నాం గానీ, కళ్లు బాగానే ఉన్నాయే!"

అందరూ నవ్వారు. నిజానికి, బండిలో ఎవరి మడత ఏదో కళ్లు మూసుకుని తడిమి చెప్పగలడు అతను. ఎవరికి మెడ పట్టిందో, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారో, ఎవరు పొద్దున ఏమీ తినలేదో దుప్పట్లు అతనికి రోజూ చెబుతూనే ఉన్నాయి. ఇన్ని తెలిసి ఒక్కటీ అడగనివాణ్ని ఏమనాలో ఆ నవ్వే వాళ్లకీ తెలియలేదు, అతనికీ తెలియలేదు.

మధ్యాహ్నం మేస్త్రి మళ్లీ పిన్ని మడతలు విసిరికొట్టాడు. ఈసారి పది. "ఇలాగైతే పలక మీద పేరున్నా లాభం లేదు పిన్నీ" అన్నాడు. పిన్ని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

గోడ తువ్వాలు బుట్టలో పడేసి మెట్లెక్కాడు. ఒక్క మాట చాలు. బావ చెయ్యి లేవదని చెబితే చాలు. పిన్ని తప్పు లేదని తేలుతుంది, బావ వెళ్లిపోతాడు, పిన్నికి జతగా తను మిగులుతాడు. చెప్పేది అబద్ధం కూడా కాదు. ప్రతి మెట్టు మీదా ఆ మాటను నోట్లో సర్దుకుంటూ అద్దాల గది తలుపు దగ్గరికి చేరాడు.

"ఏంటి గోడా?" అన్నాడు మేస్త్రి.

గోడ నోరు తెరిచాడు. పైనుంచి రెండో టేబులు బొమ్మలా కనిపిస్తోంది. బావ తన ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎవరూ చూడకుండా పైకి తోసుకుంటున్నాడు.

"కిటికీ తెరిచి ఉంది. వాన పడేట్టుంది" అన్నాడు గోడ.

మేస్త్రి కిటికీ చూశాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది.

*

పని ముగిశాక చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఇద్దరే మిగిలారు. బావ ఎడమ చేత్తో కుడి అరచెయ్యి రుద్దుకుంటున్నాడు.

"మెట్లెక్కావు" అన్నాడు బావ, నీళ్లలోకి చూస్తూ.

గోడ పక్కకు జరిగి చేతులు తడుపుకున్నాడు.

"చెప్పలేదని తెలుసు. చెప్పి ఉంటే మేస్త్రి ఈపాటికి దిగొచ్చేవాడు. ఎందుకు చెప్పలేదురా?"

గోడ కుళాయి కట్టాడు. అది పూర్తిగా కట్టుబడేది కాదు. చుక్క చుక్క పడుతూనే ఉంది.

"చూశావా? ఇదీ నీతో వచ్చిన చిక్కు." బావ గొంతులో రోజూ ఉండే తాళం లేదు. "రెండేళ్లురా! రోజుకి రెండొందలసార్లు నా బరువు మోశావు. ఒక్కసారి, ఒక్కసారైనా 'ఏమైంది బావా నీ చేతికి' అన్నావా? 'ఒరేయ్ కుంటివెధవా, నా నడుము విరుగుతోంది' అని తిట్టావా? తిట్టి ఉంటే నీ కాళ్లు పట్టుకుని నీ దగ్గరే ఉండేవాణ్ని. జాలిపడుతున్నావో, చీదరించుకుంటున్నావో, ఏదీ తెలీదు నాకు. ఎదురుగా నీ మొహం, దుప్పటికి మూడుసార్లు. ఆ మొహానికి భయపడే కథలు చెప్పేవాణ్ని నేను. నోరు మూస్తే ఏడుస్తానని."

బావ ఎడమ చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"పిన్నికి నా సంగతి తెలీదు. తెలియని మనిషి ఎదురుగా నిలబడితే కాస్త గాలాడుతుందనుకున్నాను. అంతే. నీ మీద కోపం కాదు. ఇప్పుడు చూస్తే ఆవిడ నా మూలంగా మాటలు పడుతోంది. పోనీ నేనే మానేద్దామా అంటే, ఒక చెయ్యి లేనివాడికి ఎవడిస్తాడు పని? అబద్ధాలు చెప్పడానికి జీతమిచ్చే చోటు ఎక్కడైనా ఉంటే చెప్పు, రేపే చేరతాను."

బావ వెళ్లిపోవడానికి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అడిగితే నువ్వు చెప్పాల్సొస్తుందని" అన్నాడు గోడ.

బావ ఆగాడు.

"నీకు చెప్పడం ఇష్టం లేదనుకున్నాను. అందుకని అడగలేదు."

బావ నవ్వబోయాడు, కుదరలేదు. "ఇంత చిన్న మాట. దీనికి రెండేళ్లు పట్టిందా నీకు" అని వెళ్లిపోయాడు.

*

శనివారం గంటకి పావుగంట ముందు మేస్త్రి పలక ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. తొమ్మిది మందీ చుట్టూ చేరారు. గోడ తన డబ్బా, చెప్పులు అప్పటికే చేతిసంచిలో సర్దుకుని ఉన్నాడు.

"ఆగు మేస్త్రీ" అన్నాడు బావ ముందుకొచ్చి. "ఒక కథ చెప్పాలి."

"హమ్మయ్య, మూడు రోజులకి పూనకం వచ్చింది!" అంది వదిన. అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

"అనగనగా ఒక మనిషి. వాడి కుడి చెయ్యి రెండేళ్ల కింద చచ్చిపోయింది. వాడు దాన్ని భుజానికి వేలాడదీసుకుని రోజూ పనిలోకి వస్తూనే ఉన్నాడు."

"జీతం ఒక చేతికే ఇచ్చారా, రెండింటికీనా?" అన్నారెవరో. నవ్వులు.

"నవ్వకండిరా. ఆ మనిషిని నేనే. ఈ చెయ్యి లేవదు. దుప్పట్లన్నీ ఈ గోడ ఒక్కడే మడతపెట్టాడు. నేను ఊరికే ఆ కొసన పట్టుకుని నిలబడ్డాను, ముళ్లకంపకి బట్ట తగులుకున్నట్టు. పిన్ని తప్పు లేదు. నా పేరు తుడిచెయ్యండి."

పగలబడి నవ్వారు. దుప్పటిని ఒక్కడే మడతపెట్టడమా! అగ్గిపెట్టె కథకంటే ఇదే గొప్పదన్నాడు ఒకడు. బావ మొహం జేవురించింది. "ఇదిగో చూడండి!" అని చెయ్యెత్తబోయాడు. చెయ్యి రొమ్ము దాకా వచ్చి వణికి ఆగింది. చెమట పట్టింది. ఆ నటనకి బండ్లు తోసేవాళ్లు చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్లు అబద్ధాలు చెప్పి నమ్మించిన నోరు, ఒక్క నిజం చెప్పేసరికి దాన్ని నమ్మే నాథుడు లేడు.

"ఒరేయ్ గోడా!" బావ గొంతు చీరుకుపోయింది. "నువ్వు చెప్పరా. నీ మాట నమ్ముతారు. చెప్పు వీళ్లకి!"

అందరూ గోడకేసి తిరిగారు. పదకొండేళ్లలో ఆ గదిలో అతన్ని ఒకరు సాక్ష్యం అడగడం అదే మొదలు. మాట సిద్ధంగానే ఉంది, నిన్న మెట్ల మీద సర్దుకున్నదే. 'నిజమే' అంటే చాలు. సోమవారం పొద్దున మళ్లీ ఈ తలుపులోంచి లోపలికి రావచ్చు. కూతురి ముందు తల దించుకోనక్కర్లేదు. అతను బావ చేతికేసి చూశాడు. అది ఇంకా రొమ్ము దగ్గరే వణుకుతోంది.

"అబద్ధం" అన్నాడు గోడ. "ఈయన చేతికేం కాలేదు. నామీద జాలితో అంటున్నాడు."

తన నోట్లోంచి వచ్చిన మాటను తనే వింతగా విన్నాడు.

"ఒరేయ్!" అన్నాడు బావ.

"సరే, ఈ గోల ఎందుకు?" మేస్త్రి బండిలోంచి ఒక దుప్పటి లాగాడు. "ఇద్దరూ ఒకటి మడతపెట్టి చూపించండి. తేలిపోతుంది."

గోడ రెండు మూలలూ పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎడమ చెయ్యి జానెడు దించాడు. మోకాళ్లు వంచాడు. ఫట్! దుప్పటి పలకలా చదునుగా గాలిలో నిలబడింది. ఒక మడత. ఇంకో మడత. మూడడుగులు వేసి ఎదురెళ్లాడు. బావ కళ్లలో నీళ్లున్నాయి. మూలలు అందించే చోట బావ కావాలనే వేళ్లు వదిలేశాడు. పడితే నిజం బయటపడుతుందని. మూల పడలేదు. గోడ చెయ్యి అప్పటికే దాని కింద ఉంది. "చూశారా విద్య!" అని ఎవరో ఈల వేశారు. గోడ వంగి, కింది మడత అందుకుని లేచాడు. మళ్లీ వంగాడు. మళ్లీ లేచాడు. టేబులు మీద పెట్టిన దుప్పటి మూల మీద మూల, అంచు మీద అంచు, కొత్త పుస్తకంలా ఉంది.

బావ ఆ పదకొండేళ్లలో మొదటిసారి ఒక్క మాటైనా అనకుండా మడతపెట్టాడు. అయినా అందరూ అలవాటుకొద్దీ ఆయన నోటికేసే చూశారు. పిన్ని ఒక్కతే గోడ మోకాళ్లకేసి చూసింది.

"ఇంకేం, బావ చెయ్యి బంగారంలా ఉంది" అన్నాడు మేస్త్రి. ఆ మాట అన్నాక ఆయనా ఇంకెవరి కళ్లలోకీ చూడలేదు. గంట కొట్టింది.

గోడ చేతిసంచి తీసుకుని పిన్ని దగ్గర ఆగాడు.

"పిన్నీ, నీ కళ్లకేం కాలేదు. ఎడమ చెయ్యి జానెడు కిందికి దించు. మూడడుగులు నువ్వు వెయ్యి. నడుము నొప్పిపెడితే..." అని ఆగాడు. ఆ తర్వాత అనాల్సిన మాటను అతను ఎప్పుడూ అని ఎరగడు. "నడుము నొప్పిపెడితే గట్టిగా తిట్టు. ఊరుకోకు. బావకి తిట్లంటే ఇష్టం."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తల మాత్రం ఊపింది.

*

ఆదివారం భార్య అతనితో మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది అందరికీ. పొద్దుటి నుంచి ఒక్క మాటే అంది, అదీ కూతురితో. "మీ నాన్నకి పదకొండేళ్లకి నోరొచ్చింది. వచ్చి మన నోళ్లు కొట్టింది."

మధ్యాహ్నం దాటాక నిజంగానే మబ్బు పట్టింది. పెరట్లో తీగ మీద ఉతికిన దుప్పట్లు ఊగుతున్నాయి. భార్య తియ్యడానికి లేవబోతుంటే, వీధి గేటు చప్పుడైంది.

బావ. పదకొండేళ్లలో ఆ లాండ్రీ నుంచి ఆ గడప తొక్కిన మొదటి మనిషి. ఇల్లు కనుక్కోవడానికి మూడు వీధులు తిరిగినట్టున్నాడు, చెమటకి చొక్కా తడిసి ఉంది. లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఊరందరికీ కథలు చెప్పిన మనిషికి ఒక్క ముక్క నోటికి రాలేదు. ఎడమ చేత్తో కుడి మోకాలు గీరుకుంటూ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

భార్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరో ఒకరు నోరు విప్పాలి.

"ఎప్పటి నుంచి బావా?" అన్నాడు గోడ. "నీ చెయ్యి."

బావ తలెత్తాడు.

"పడ్డావా? ఎక్కడైనా దెబ్బ తగిలిందా? రాత్రిళ్లు నొప్పి ఉంటుందా? ఇంట్లో చెప్పావా?" ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, తోపుడు బండ్లు ఇరుకు తలుపులోంచి వచ్చినట్టు, గుద్దుకుంటూ. కూతురు పుస్తకం మూసి తండ్రి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పోలీసు అడిగినట్టు లేదు.

"ఇంట్లో తెలీదు" అన్నాడు బావ. "ముందు నీకే చెబుతున్నాను."

చినుకు పడింది. "దుప్పట్లు!" అంది భార్య.

ఇద్దరూ పెరట్లోకి పరిగెత్తారు. పెద్ద దుప్పటి తీగ మీంచి లాగి, ఇంటి పంచ కింద చెరో కొసా పట్టుకున్నారు. గోడ ఎడమ చెయ్యి దానంతటదే జానెడు కిందికి దిగింది. మోకాళ్లు వంగాయి.

"వంగకు" అన్నాడు బావ.

"వంకర పోతుంది బావా."

"పోనీరా. ఇక్కడ మేస్త్రి లేడు. తిన్నగా నిలబడు ఒక్కసారి. నా చెయ్యి ఎంత లేస్తే అంతే లేవనీ."

గోడ నడుము మెల్లగా నిటారయింది. రెండేళ్లలో దుప్పటికి ఈ కొస నుంచి బావ మొహాన్ని అంత ఎత్తు నుంచి అతను చూడలేదు. బావ జుట్టు నడినెత్తిన పలచబడి ఉంది. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు.

దులిపారు. ఫట్టుమనలేదు. ఒక మూల వాలింది, ఒక అంచు పైకెక్కింది. ఎదురు నడిచారు, చెరి రెండడుగులు. చేతిలో చెయ్యి పడింది.

"ఇది మా తాత చూస్తేనా..." అన్నాడు బావ.

"ఏమయ్యేది?" అన్నాడు గోడ.

నూటనలభై సార్లు విన్న కథలో ఆ ప్రశ్న అతను అడగడం అదే మొదటిసారి. భార్య పంచ అంచున నిలబడి, వాళ్లు మడతపెట్టిన ఆ వంకర దుప్పటిని అందుకుంది. విప్పి మళ్లీ సరిగ్గా మడతపెట్టడానికి ఆవిడ చేతులు ముందుకు వెళ్లాయి. ఆగి, దాన్ని అలాగే తీసుకెళ్లి లోపల పెట్టింది.